లైనక్స్ వ్యవస్థా నిర్వహణ పరీక్షలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతమున సన్నాహము

లైనక్స్ అను ఆపరేటింగ్ సిస్టముపై నడచు కంప్యూటర్లను, అందును ముఖ్యముగా అనేకులకు ఏకకాలమున సేవలందించు సర్వర్లను, స్థాపించుట, వాడుకరులకు ఖాతాలు కల్పించుట, నిల్వస్థలమును పంచుట, నెట్‌వర్కును కుదుర్చుట, భద్రతను కాపాడుట, చెడినప్పుడు చక్కదిద్దుట అను పనులన్నియు గూడి వ్యవస్థా నిర్వహణ మనబడును. ఈ పనులను స్వయముగా చేయగల నేర్పు ఒకనికి గలదని గుర్తింపుగల సంస్థ యొకటి పరీక్షించి యిచ్చు యోగ్యతాపత్రమే లైనక్స్ సర్టిఫికేషను. ఈ పత్రము లేనివాడు ఉద్యోగము చేయరాదను శాసనమేదియు లేదు. అయినను పట్టభద్రులు వేలకొలదిగా పోటీపడు ఈ కాలమున, చేతిపని చూపి సంపాదించిన పత్రమునకు ఉద్యోగదాతలు ప్రత్యేకమైన విలువ నిచ్చుచున్నందున, తెలంగాణములోని చిన్న పట్టణముల యువకులు సైతము దీనికై శ్రమించుచున్నారు.

ఈ విద్యకు ఒక విశేషము గలదు. పరీక్షింపబడు వ్యవస్థయు, దాని మూలకోడును, దానిని బోధించు గ్రంథములలో ముఖ్యమైనవియు వెల లేకయే లభించును. కావున మహానగరమున నుండువానికిని, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణముల నుండువానికిని విద్యావిషయమున భేదము స్వల్పము. భేదమంతయు మార్గదర్శకుల లభ్యతయందును, పరీక్షారుసుమునందును, పరీక్ష వ్రాయు వసతియందును గలదు.

ఉత్పత్తి, వికాసము

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థ విశ్వవిద్యాలయములందు వ్యాపించి, క్రమముగా వాణిజ్య సంస్థల అనుమతులకు లోబడిన సొత్తు కాగా, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ యూనిక్స్‌ను పోలినదియు, ఎవరైనను చదువుటకు, మార్చుటకు, పంచుటకు స్వేచ్ఛ గలదియునగు గ్నూ వ్యవస్థను నిర్మింపబూనెను. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాసిన కెర్నెలును, అనగా వ్యవస్థ యొక్క మూలభాగమును, లోకమునకు ప్రకటించి, మరుసటి సంవత్సరము దానిని గ్నూ సార్వజనిక అనుమతిపత్రము క్రిందికి తెచ్చుటతో, గ్నూ పరికరములును ఈ కెర్నెలును గూడి సంపూర్ణమగు స్వేచ్ఛా వ్యవస్థ ఏర్పడినది. వీనిని ఒక్కటిగా కూర్చి పంచు డెబియన్, రెడ్‌హ్యాట్ మొదలగు వితరణములు 1993 ప్రాంతమున వెలసినవి.

వ్యాపార సంస్థలు లైనక్స్‌ను స్వీకరింపసాగినంతనే, దానిని నడపువారి నేర్పును కొలుచుట యెట్లను ప్రశ్న ఉదయించినది. 1999లో రెడ్‌హ్యాట్ సంస్థ ఆర్‌హెచ్‌సీఈ అను ఇంజనీరు పరీక్షను ఆరంభించెను. ఆ యేడే కెనడాలో లైనక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ (ఎల్‌పీఐ) అను లాభాపేక్షలేని సంస్థ ఏర్పడి, ఏ యొక్క వితరణమునకును కట్టుబడని పరీక్షలను రూపొందించెను. 2010లో రెడ్‌హ్యాట్ తన పూర్వపు టెక్నీషియన్ పరీక్ష స్థానమున ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అను నిర్వాహక పరీక్షను ప్రవేశపెట్టెను. 2014లో లైనక్స్ ఫౌండేషన్ ఎల్‌ఎఫ్‌సీఎస్ అను పరీక్షను ఆరంభించెను. రెడ్‌హ్యాట్ సంస్థను 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొనుట, ఈ విద్యకు వాణిజ్యలోకమున గల స్థానమును తెలుపుచున్నది.

ముఖ్య పరీక్షలు

ప్రస్తుతము ప్రచారమున నున్న పరీక్షలు రెండు తెగలు. మొదటి తెగ ప్రశ్నోత్తర పద్ధతిది. ఎల్‌పీఐ సంస్థ యొక్క ఎల్‌పీఐసీ-1 పత్రమునకు 101, 102 అను రెండు పరీక్షలలో ఉత్తీర్ణులు కావలెను; ఒక్కొక్కదానియందు 90 నిమిషములలో 60 ప్రశ్నలకు సమాధానము లీయవలెను; 800కు గాను 500 ఉత్తీర్ణతాంకము; పత్రము ఐదేండ్లు చెల్లును. కాంప్టియా సంస్థ యొక్క లైనక్స్ ప్లస్ పరీక్షలో ప్రశ్నలతోబాటు కొన్ని ప్రయోగాంశములును ఉండును.

రెండవ తెగ కేవల ప్రయోగపరీక్ష. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో ఎన్నుకొనదగిన సమాధానములు ఉండవు. అభ్యర్థికి నడచుచున్న యంత్రములను అప్పగించి, చేయవలసిన పనుల జాబితా నిత్తురు. దాదాపు మూడు గంటల కాలములో వానిని చేసి ముగింపవలెను. 300 మార్కులకు 210 వచ్చినవారు ఉత్తీర్ణులు. ఈ పత్రము మూడేండ్లు చెల్లును. దీనికి పైమెట్టగు ఆర్‌హెచ్‌సీఈ నాలుగు గంటల పరీక్ష. అనేక యంత్రములను ఒక్కచోటినుండి ఏకరీతిగా దిద్దు ఆన్సిబుల్ అను పరికరము ఇప్పుడు దానికి ప్రధాన విషయము. ఎల్‌ఎఫ్‌సీఎస్ సైతము రెండు గంటల ప్రయోగపరీక్షయే. మన ప్రాంతపు ఉద్యోగ ప్రకటనలలో ఎక్కువగా కనబడునది ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ యగుటచే ఈ వ్యాసమున దానినే ప్రధానముగా గ్రహించితిమి.

పరీక్షా స్వభావము

ప్రయోగపరీక్షలో ఇంటర్నెట్టు ఉండదు, పుస్తకము ఉండదు; కాని యంత్రముతోబాటే వచ్చు మ్యాన్ పేజీలు అను ఆదేశ వివరణములను యథేచ్ఛగా చూచుకొనవచ్చును. కావున ప్రతి ఆదేశమును అక్షరాక్షరము కంఠస్థము చేయుటకన్న, కావలసినది ఏ పుటలో దొరకునో ఎరిగి, దానిని క్షణములో వెలికిదీయు అభ్యాసమే మేలు. రెండవ నియమము దీనికన్న కఠినమైనది: చేసిన ప్రతి అమరికయు యంత్రమును ఆపి మరల నడపిన తరువాతను నిలువవలెను. అప్పటికి పనిచేసి, పునఃప్రారంభము కాగానే మాయమగు అమరికకు మార్కులు లేవు.

ఈ నియమము ఎట్టి సూక్ష్మతను కోరునో ఒక పనియందు చూడనగును. సర్వాధికారములు గల రూట్ వాడుకరి పాస్‌వర్డు ఎవరికిని తెలియని యంత్రమును స్వాధీనపరచుకొనుట నిర్వాహకుని ప్రాథమిక విద్య. యంత్రమును పునఃప్రారంభించి, ప్రారంభమున వచ్చు గ్రబ్ పట్టిక కనబడగానే ‘ఇ’ మీటను నొక్కి, కెర్నెలును పిలుచు వరుస చివర ‘ఆర్‌డి.బ్రేక్’ అను మాటను చేర్చి ముందునకు పోనిచ్చినయెడల, వ్యవస్థ పూర్తిగా లేవకమునుపే నడుమ నాగి, ఆదేశములు కొట్టుటకు షెల్‌ను అందించును. అచ్చట అసలు ఫైలు వ్యవస్థ చదువుటకు మాత్రమే వీలైన స్థితిలో నుండును గనుక, వ్రాయుటకును వీలగునట్లు దానిని మరల మౌంటు చేసి, ‘సీహెచ్‌రూట్’ ఆదేశముతో దానిలోనికి ప్రవేశించి, క్రొత్త పాస్‌వర్డు నీయవలెను. ఇంతటితో పని ముగిసినదని తలచి బయటికి వచ్చినవాడు చిక్కుపడును. పాస్‌వర్డులను దాచు షాడో ఫైలును ఈ విధముగా తిరిగి వ్రాసినప్పుడు దానిపై ఉండవలసిన, ఎస్‌ఈలైనక్స్ అను భద్రతావిధానపు గుర్తు తొలగును. గుర్తు లేని ఫైలును చదువుటకు ఆ విధానము సమ్మతింపదు. సరియైన పాస్‌వర్డు కొట్టినను ద్వారము తెరువబడదు. అందుచే బయటికి రాకముందే మూల డైరెక్టరీలో చుక్కతో మొదలగు ‘ఆటోరీలేబుల్’ అను పేరుగల ఫైలును ఖాళీగా సృష్టించి, మరుసటి ప్రారంభమున ఫైలులన్నిటికి గుర్తులు తిరిగి వేయబడునట్లు చేయవలెను. ఒక్క ఖాళీ ఫైలు మరచినందున పని యంతయు వ్యర్థమగు నిట్టి సందర్భములే ఈ పరీక్షకు ప్రాణము.

అభ్యసింపవలసిన విషయములు

పాఠ్యాంశములను ఏడెనిమిది భాగములుగ విభజింపవచ్చును. షెల్ ఆదేశములు, వాని ఫలితములను ఫైలులోనికి మళ్లించుట, గ్రెప్ మొదలగు పరికరములతో పాఠమును గాలించుట, చిన్న స్క్రిప్టులు వ్రాయుట మొదటి భాగము. వాడుకరులు, గుంపులు, ఫైలు అనుమతులు రెండవది. 755 అనగా యజమానికి చదువుట, వ్రాయుట, నడపుట అను మూడును, ఇతరులకు వ్రాయుట మినహా తక్కిన రెండును అని గ్రహించిన విద్యార్థికి, డైరెక్టరీకి ఇచ్చు 2770 లోని మొదటి అంకె వలన అందులో పుట్టు ప్రతి ఫైలును ఆ డైరెక్టరీ గుంపునకే చెందునని తెలిసికొనుటకు ఎక్కువ కాలము పట్టదు. సేవలను సిస్టమ్‌డీ ద్వారా నడపుట, క్రాన్ పట్టికలో కాలనియమము వ్రాయుట, నెట్‌వర్కు చిరునామా లమర్చుట, ఫైర్‌వాల్‌లో ద్వారములు తెరచుట, ప్యాకేజీలను స్థాపించుట తక్కిన భాగములు.

అభ్యర్థులు ఎక్కువగా తడబడు స్థలములు రెండు. ఒకటి నిల్వవ్యవస్థ. డిస్కులను ఫిజికల్ వాల్యూములుగా చేసి, వానిని గుంపుగా గూర్చి, ఆ గుంపునుండి లాజికల్ వాల్యూములను కోసి యిచ్చు ఎల్‌వీఎం పద్ధతిలో, కొలతకు మూలము ఎక్స్‌టెంట్ అను ఖండము. ఖండము 16 మెగాబైట్లుగా గుంపును నిర్మించి, 50 ఖండముల వాల్యూమును చేయుమన్నచో అది 800 మెగాబైట్లు కావలెను. గుంపును కట్టునప్పుడు ఖండపరిమాణమును పేర్కొనుట మరచినయెడల, వ్యవస్థ తనంతట తాను 4 మెగాబైట్లను గ్రహించుటచే 200 మెగాబైట్లే వచ్చును. వాల్యూమును శాశ్వతముగా మౌంటు చేయుటకు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో వ్రాయు వరుసయందు ఒక్క అక్షరము తప్పినను యంత్రము అత్యవసర స్థితిలో నిలిచిపోవచ్చును. లేవని యంత్రముపై చేసిన తక్కిన పనులను మదింపు చేయుట కవకాశ ముండదు. కావున ఆ ఫైలును తాకిన ప్రతిసారి ‘మౌంట్ -ఎ’ ఆదేశముతో సరిచూచి, పిమ్మటనే పునఃప్రారంభించుట అనుభవజ్ఞుల ఆచారము.

రెండవది ఎస్‌ఈలైనక్స్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ రూపొందించి 2000లో బయటపెట్టిన ఈ విధానము, సామాన్యమగు అనుమతులకు పైన మరియొక కాపలాగా నుండి, వెబ్ సర్వరు 82 వంటి అలవాటు లేని పోర్టుపై వినబోయినను, ఇతరుల ఫైలు తెరువబోయినను అడ్డుపడును. దీనిని పూర్తిగా ఆపివేయుట సులభమైన అలవాటు. కాని పరీక్షయందును, మంచి ఉద్యోగమునందును అది కూడని పని. అడ్డంకి ఏదో లాగులు అను నమోదుల నుండి చదివి, ఆ పోర్టునకు లేక ఫైలునకు తగిన గుర్తు నిచ్చుటయే నేర్పు.

అభ్యాస విధానము

ఎనిమిది గిగాబైట్ల మెమరీ గల సాధారణ ల్యాప్‌టాపు ఈ విద్యకు చాలును. వర్చువల్‌బాక్స్ వంటి సాధనముతో అందులో రెండు కల్పిత యంత్రములను నెలకొల్పి, ఒకదానిని సర్వరుగా, రెండవదానిని దానిని సంప్రదించు యంత్రముగా నడపవచ్చును. రెడ్‌హ్యాట్ వ్యవస్థను అభ్యాసార్థము 16 యంత్రములవరకు ఉచితముగా వాడుకొను అనుమతి వ్యక్తులకు 2021 నుండి గలదు. అంతకుముందు విద్యార్థులనేకులు ఆశ్రయించిన సెంటాస్ వితరణము పాత రూపున ముగియనున్నదని 2020 డిసెంబరులో ప్రకటింపబడగా, దాని స్థానమున రాకీ లైనక్స్, ఆల్మాలైనక్స్ అను రెండు వితరణములు వెలసినవి. పరీక్షాభ్యాసమునకు ఇవియు సమానముగా ఉపకరించును. పరీక్ష ఏ సంచికపై జరుగునో ముందే తెలిసికొని ఆ సంచికపైననే అభ్యసింపవలెను. సంచిక మారినప్పుడు పాఠ్యాంశములును మారును.

కల్పిత యంత్రము యొక్క గొప్ప ఉపకారము స్నాప్‌షాట్. నిర్మలమైన స్థితిని ఒకసారి భద్రపరచినచో, యంత్రమును ఎంత చెడగొట్టినను నిమిషములో పూర్వస్థితికి తేవచ్చును. కావున విద్యార్థి బుద్ధిపూర్వకముగా చెడగొట్టి బాగుచేయవలెను: ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పు వ్రాయుట, పాస్‌వర్డు మరచినట్లు నటించుట, నెట్‌వర్కు అమరికను తారుమారు చేయుట, పిదప గడియారము చూచుకొనుచు చక్కదిద్దుట. ఒక్కొక్క అంశమును విడివిడిగా నేర్చిన పిమ్మట, పదునైదు ఇరువది పనులను ఒక్క కాగితముపై వ్రాసికొని, మూడు గంటలలో ముగించు మాదిరి పరీక్షలను పలుమారులు చేయవలెను. సులభమైనవానిని ముందు ముగించుట, యంత్రము లేవకుండ చేయగల పనుల తరువాత వెంటనే పునఃప్రారంభించి చూచుట, చివర పావుగంటను పూర్తి తనిఖీకి మిగుల్చుట ఇందు అలవడవలసిన క్రమము.

విద్యార్థులలో ‘డంపులు’ అను పేర వ్యాపించియున్న ప్రశ్నల సంపుటములనుగూర్చి ఒక మాట చెప్పవలెను. పరీక్షకు కూర్చుండువారు ప్రశ్నలను బయలుపరచబోమని ఒప్పందము చేయుదురు. డంపుల వ్యాపారము ఆ ఒప్పందమును ఉల్లంఘించునట్టిది. అంతేగాక పాఠము బట్టీపట్టి పత్రము సంపాదించినవాడు, ఇంటర్వ్యూలో టెర్మినలు ముందు కూర్చుండబెట్టిన క్షణముననే బయటపడును.

మూడు పట్టణముల స్థితి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడును 2016 అక్టోబరు 11వరకు కరీంనగర్ జిల్లాలోనివి. నాడు జరిగిన పునర్విభజనలో మొదటి రెండును జగిత్యాల జిల్లాయందును, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రముగను ఏర్పడినవి. జగిత్యాలకు సమీపమున, కొండగట్టు చెంత, నాచుపల్లి యందు 2007లో స్థాపింపబడిన జె.ఎన్.టి.యు.హెచ్. ఇంజనీరింగు కళాశాల ఈ ప్రాంతమున కంప్యూటరు విద్యకు ముఖ్యస్థానము. సిరిసిల్లలో అదే విశ్వవిద్యాలయపు కళాశాల 2021లో ఆరంభమైనది. కోరుట్లలోని ప్రసిద్ధమగు ప్రభుత్వ వృత్తివిద్యాలయము పశువైద్యమునకు సంబంధించినదగుటచే, అచ్చటి విద్యార్థులు ఇంజనీరింగునకై నాచుపల్లికో, కరీంనగరునకో, హైదరాబాదునకో పోవుదురు.

విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలో లైనక్స్ ప్రోగ్రామింగు అను విషయము ఉండెడిది. ఆపరేటింగ్ సిస్టముల ప్రయోగశాలలో విద్యార్థులు లైనక్స్‌పై చిన్న ప్రోగ్రాములు వ్రాయుదురు. అయినను ఈ చదువు ప్రోగ్రాము వ్రాయువాని దృష్టితో సాగునదే గాని, వ్యవస్థను కాపాడువాని దృష్టితో సాగునది గాదు. కాలేజీ ల్యాబులో విద్యార్థికి రూట్ అధికారము నిచ్చుట అరుదు; రూట్ అధికారము లేనిది నిర్వహణవిద్య అలవడదు. ఈ లోపమును స్వంత ల్యాప్‌టాపే తీర్పవలసియున్నది.

సిరిసిల్ల మరమగ్గముల పట్టణము. సాంచెలని ఇచ్చటివారు పిలుచు ఆ మగ్గముల చప్పుడు వీధులలో రేయింబవళ్లు వినవచ్చును. 2017 నుండి ప్రభుత్వము బతుకమ్మ చీరలకై ఇచ్చిన ఉత్తరువులు ఈ పరిశ్రమకు ఆధారముగ నుండినవి. ఒకప్పుడు భీవండి, షోలాపురములకు వలసపోయిన నేతకుటుంబముల పిల్లలు నేడు ఇంజనీరింగు చదువుచున్నారు. పోగు తెగినప్పుడు సాంచెను ఆపి, తెగినచోటును వెదకి, ముడివేసి మరల నడపు కార్మికుని పనికిని, ఆగిన సేవకు కారణమును లాగులలో వెదకి దానిని మరల నడపు నిర్వాహకుని పనికిని ఓర్పునందు సామ్యము గలదు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి దుబాయి, మస్కటు, రియాదులకు కూలిపనులకై పోవు వలస చిరకాలముగా నున్నది. అట్టి కుటుంబములలో తరువాతి తరమువారు అదే గల్ఫునకు సాంకేతికోద్యోగులుగా పోవలెనను ఆశ ఈ పత్రములపై గల శ్రద్ధకు ఒక కారణము.

శిక్షణకై ఈ ప్రాంతపు యువకులు చిరకాలముగా ఆశ్రయించునది హైదరాబాదులోని అమీర్‌పేట. మైత్రీవనము పరిసరములలోని శిక్షణాలయములలో ‘డెమో’ తరగతి విని, నచ్చిన బ్యాచిలో చేరి, హాస్టలులో నుండి చదువుట వాడుక. జగిత్యాలనుండి హైదరాబాదు దాదాపు 200 కిలోమీటర్లు, సిరిసిల్లనుండి సుమారు 140. శిక్షణారుసుముకన్న హాస్టలు వ్యయమే భారమగుటయు గలదు. పాఠములు ఆన్‌లైనునకు మారిన పిమ్మట ఈ ప్రయాణావసరము తగ్గినది. కరీంనగరున 2020లో ప్రారంభమైన ఐటీ టవరు, 2014లో ప్రభుత్వము నెలకొల్పిన టాస్క్ నైపుణ్యసంస్థ జిల్లాలవైపు ఈ రంగమును మరల్చుటకు జరిగిన యత్నములు.

ఇంటినుండి పరీక్ష

పూర్వము రెడ్‌హ్యాట్ ప్రయోగపరీక్షకై నగరములోని కేంద్రమునకు పోవుట తప్పనిసరి. 2020 నుండి రెడ్‌హ్యాట్ తన పరీక్షలను ఇంటినుండియే వ్రాయు వీలు కల్పించెను. అభ్యర్థి తన కంప్యూటరును సంస్థ యిచ్చు ప్రత్యేక వ్యవస్థ ఎక్కించిన పెన్‌డ్రైవునుండి బూటు చేసి, విడిగా తగిలించు వెబ్ కెమెరాతో గదినంతయు చూపి, గుర్తింపుకార్డు నిరూపించి, దూరమున నున్న పర్యవేక్షకుని కన్నులయెదుట పరీక్ష వ్రాయును. పట్టణములందలి అభ్యర్థి ముందుగా సరిచూచుకొనవలసినవి కొన్ని గలవు: తన యంత్రము ఆ పెన్‌డ్రైవుతో లేచుచున్నదో లేదో ముందురోజులలోనే పరీక్షించుట, స్థిరమైన వైరు కనెక్షను, కరెంటు పోయినను రౌటరు ఆగకుండ ఇన్వర్టరు, ఇతరులు ప్రవేశింపని గది. ఉమ్మడి కుటుంబమున, సాంచెల చప్పుడు నడుమ, మూడు గంటలు ఏకాంతముగ నుండు గది దొరకుట సిలబసుకన్న కష్టము కావచ్చును. అట్టివారికి కేంద్రమునకు పోవుటయే క్షేమము.

భాషావిషయము

ఈ పరీక్షలేవియు తెలుగున జరుగవు. మ్యాన్ పేజీలు ఆంగ్లమున నుండును. తెలుగు మాధ్యమమున చదివినవారికి మొదట భయము కలుగుట సహజమే కాని, పరీక్షకు వలసిన ఆంగ్లము పరిమితము. కొన్ని వందల పదములు పదేపదే వచ్చుచుండును. లైనక్స్‌ను తెలుగున నిలుపుటకు జరిగిన కృషియు స్మరణీయము. 2005లో హైదరాబాదున ఏర్పడిన స్వేచ్ఛ అను సంస్థ డెబియన్ ఆధారముగ తెలుగు లైనక్స్‌ను రూపొందించెను. ప్రభుత్వ సంస్థయగు సీ-డ్యాక్ 2007లో విడుదల చేసిన బాస్ వ్యవస్థయందు తెలుగునకు స్థానము గలదు. పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛగా పంచుకొనదగినవిగా లభించినవి. తెరపై తెలుగు చూచిన విద్యార్థికి యంత్రము పరాయిది గాదను ధైర్యము కలుగును.

ప్రయోజనము, పరిమితులు

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పత్రముతో సాధారణముగా లభించునది ఎల్1, ఎల్2 అను సహాయక శ్రేణుల ఉద్యోగము. రేయిపగలు షిఫ్టులలో కూర్చుండి, వచ్చిన టికెట్టును చదివి, నిండిన డిస్కును విస్తరించుట, ఆగిన సేవను నడపుట, పాస్‌వర్డు మార్చుట, తనవలన కానిదానిని పైశ్రేణికి పంపుట ఆ పని స్వరూపము. అచ్చటనుండి క్లౌడు, కుబర్నెటీస్, ఆన్సిబుల్ విద్యలవైపు పోవు మార్గము తెరచియుండును; ఆ విద్యలన్నియు లైనక్స్‌పై నిలిచియున్నవే. పత్రమే ఉద్యోగమునకు హామీ కాదు. రుసుము వేల రూపాయలలో నుండుటచే, మాదిరి పరీక్షలలో నిలకడగా ఉత్తీర్ణుడు కానివాడు తొందరపడి తేదీ నిర్ణయించుకొనుట ధననష్టము.

ఈ మూడు పట్టణములకు నేడు వలసినది మరియొక శిక్షణాలయము కాదు. కళాశాల ల్యాబులను సాయంకాలములందు తెరచియుంచి, కల్పిత యంత్రములపై విద్యార్థులకు రూట్ అధికారము నిచ్చి, నెలకొకమారు గడియారము పెట్టి మాదిరి పరీక్ష నడపి, నిశ్శబ్దమైన యొక గదిని అసలు పరీక్షకై కేటాయించినచో చాలును. దీనికి కావలసిన సాఫ్ట్‌వేరు అంతయు ఉచితమే గనుక, ఖర్చు కరెంటుబిల్లును, ల్యాబును తెరచియుంచు ఉద్యోగి వేతనమును మించదు.